అతుకు పక్కన పగులు – కారణం తెలిశాకే మరమ్మతు



మన హాస్టల్లో చదివి ఐటీఐ ఫిట్టర్, వెల్డర్ ట్రేడులో, పాలిటెక్నిక్‌లో, బీఎస్సీ కెమిస్ట్రీలో చేరినవారు చాలామంది చివరకు మందుల తయారీ ప్లాంట్లకే చేరుతున్నారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరం – ఈ పేర్లు మనకు కొత్త కాదు. అక్కడ పనిలో పడ్డవారికి తరచుగా ఎదురయ్యే సమస్య ఒకటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టర్‌లో వెల్డింగ్ అతుకు పక్కన చెమ్మ కనిపిస్తుంది. తుడిచి చూస్తే వెంట్రుకంత పగులు. అక్కడున్నవారు ముందుగా అనే మాట, "వెల్డింగ్ సరిగా చేయలేదు". వెంటనే గ్రైండింగ్ పట్టి, పైన ఇంకో వరుస వెల్డింగ్ వేయించి నడిపేస్తారు. కొన్నాళ్ళకు ఆ పక్కనే మరో పగులు వస్తుంది. నింద మళ్ళీ వెల్డర్ మీదికే వస్తుంది.

జ్వరం వచ్చినవాడికి అది మలేరియానా, టైఫాయిడా అని రక్తపరీక్ష చేయకుండా మందు ఇస్తే ఏమవుతుందో మనకు తెలుసు. పగులు కూడా జ్వరం లాంటిదే. దాని వెనుక ఉన్న జబ్బు ఏదో తేల్చుకున్నాకే వెల్డింగ్ మెషిన్ ఆన్ చేయాలి. ఆ జబ్బులను గుర్తుపట్టే పద్ధతిని ఈ పాఠంలో మాకు తెలిసినంత వరకు వివరిస్తాం.

స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది ఏది?

ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద క్రోమియం ఆక్సైడ్ పొరగా ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు ఉంటాయి కాబట్టి అది ఎంత పలుచనిదో ఊహించుకోండి. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర తనంతట తానే మళ్ళీ ఏర్పడుతుంది. తుప్పును ఆపేది ఈ పొరే.

ప్లాంట్లలో ఎక్కువగా వాడేవి 304, 316 రకాలు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది. పేరు చివర 'ఎల్' ఉంటే కార్బన్ తక్కువ అని అర్థం. మామూలు 304లో కార్బన్ 0.07 – 0.08 శాతం వరకు ఉండవచ్చు. 304ఎల్‌లో 0.03 శాతానికి మించకూడదు. ఈ చిన్న తేడా ఎందుకు ముఖ్యమో ముందు చూస్తాం.

ఈ పొరకు పెద్ద శత్రువు క్లోరైడ్. మన వంటగదిలోనే దీన్ని చూడవచ్చు. స్టీలు గిన్నెలో రాళ్ళుప్పు వేసి, కరగనివ్వకుండా కొద్ది నీళ్ళతో రాత్రంతా వదిలేస్తే అడుగున సూదిమొనంత గుంటలు పడే ప్రమాదం ఉంది. రియాక్టర్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ వేడి, ప్రెషర్ కూడా తోడవుతాయి.

అతుకు దగ్గరే ఎందుకు?

షీటు మధ్యలో బాగానే ఉండి, అతుకు దగ్గరే చెడడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది వేడి. వెల్డింగ్ చేసేటప్పుడు అతుకుకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్న లోహం కరగదు కానీ, సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య కొంతసేపు ఉంటుంది. ఆ వేడిలో కార్బన్, క్రోమియం కలిసి లోహపు రేణువుల అంచుల్లో క్రోమియం కార్బైడ్‌గా పేరుకుంటాయి. దాంతో ఆ అంచుల పక్కన క్రోమియం తగ్గిపోతుంది, పొర బలహీనపడుతుంది. దీన్ని సెన్సిటైజేషన్ అంటారు. కార్బన్ ఎక్కువున్న 304లో ఇది నిమిషాల్లో జరగవచ్చు. 304ఎల్‌లో గంటలు పడుతుంది కాబట్టి మామూలు వెల్డింగ్‌లో ఆ భయం దాదాపు ఉండదు.

రెండవది లోపలి లాగుడు. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. పక్కనున్న చల్లని షీటు దాన్ని కదలనివ్వదు. ఫలితంగా అతుకు, దాని పరిసరాలు ఎప్పటికీ లాగిపట్టిన రబ్బరు బ్యాండులా ఉంటాయి. రియాక్టర్ ఖాళీగా ఉన్నా ఆ లాగుడు ఉంటుంది.

మూడవది ఉపరితలం. అతుకు పక్కన నీలం, గోధుమ, పసుపు రంగుల చారలు మీరు చూసే ఉంటారు. ఆ రంగు పొర కింద క్రోమియం తగ్గి ఉంటుంది. దీనికితోడు వెల్డింగ్ చిందులు, పూర్తిగా నిండని రూట్, గరుకు గ్రైండింగ్ గీతలు ఉంటే క్లోరైడ్ నిలవడానికి చోటు దొరుకుతుంది.

ఐదు జబ్బులు, వాటి గుర్తులు

1. వెల్డ్ డికే: ఇది సెన్సిటైజేషన్ వల్ల వచ్చేది. అతుకుకు రెండు పక్కలా, కొన్ని మిల్లీమీటర్ల ఎడంగా, అతుకుకు సమాంతరంగా పట్టీలాగా లోహం తినేసి ఉంటుంది. అతుకు మాత్రం బాగానే ఉంటుంది. రేణువుల అంచులు కరిగిపోవడంతో అక్కడ చక్కెర పలుకుల్లా గరుకుగా కనిపిస్తుంది. నైట్రిక్ వంటి ఆమ్లాలతో పనిచేసే పాత 304 పాత్రల్లో దీన్ని అనుమానించాలి.

2. క్లోరైడ్ పగుళ్ళు: ఇంజనీర్లు స్ట్రెస్ కరోజన్ క్రాకింగ్ అంటారు. లాగుడు, క్లోరైడ్, వేడి – మూడూ కలిస్తేనే ఇది వస్తుంది. సాధారణంగా 60 డిగ్రీలు దాటిన చోట భయపడాలి. దీని గుర్తు కొమ్మలు. ఎండిన చెట్టు కొమ్మల్లా పగులు చీలుతూ పోతుంది. షీటు మందం మాత్రం తగ్గదు. మందం కొలిచి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతాం. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 'ఎల్' రకం వెల్డ్ డికేను ఆపుతుంది గానీ ఈ పగుళ్ళను ఆపదు. 304 తీసేసి 304ఎల్ వేసినా ఇక్కడ లాభం లేదు.

3. గుంటలు, సందు తుప్పు: పైకి సూదిమొనంత రంధ్రం, లోపల కుండంత డొల్ల. రంగు చారల మీద, చిందుల కింద, నిండని రూట్ సందుల్లో, గ్యాస్కెట్ కింద మొదలవుతుంది. హైడ్రో టెస్టు చేసిన నీటిని తీయకుండా వారాల తరబడి వదిలేస్తే అందులోని బాక్టీరియా అతుకుల దగ్గర చేరి ఇలాంటి రంధ్రాలే చేస్తుంది. ఒక్క బ్యాచ్ కూడా నడవని కొత్త పాత్రకు చిల్లు పడిందంటే ముందు ఆ నీటిని అనుమానించాలి.

4. అలసట పగులు: ఒక ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగిపోతుంది కదా, అదే ఇది. ఆజిటేటర్ అదిరే చోట, సపోర్టులు, నాజిళ్ళ దగ్గర, వెంటవెంటనే వేడి, చలువ మారే లింపెట్ కాయిల్ అతుకుల దగ్గర వస్తుంది. కొమ్మలు లేకుండా ఒకే గీతగా, అతుకు అంచు వెంబడే పోతుంది. తెరిచి చూస్తే చెరువు గట్టున నీరు తగ్గిన గుర్తుల్లాంటి వరుస గీతలు కనిపించవచ్చు.

5. వెల్డింగ్ నాడే పుట్టిన పగులు: ఇది అతుకు మధ్యలో పొడవునా గానీ, ఆర్క్ ఆపిన చోట నక్షత్రంలా గానీ ఉంటుంది. ఫిల్లర్ సరిపడనిది వాడడం, నూనె, పెయింటు తుడవకపోవడం కారణాలు. గాల్వనైజ్డ్ ముక్కను స్టెయిన్‌లెస్ స్టీలుకు అతికితే జింక్ కరిగి రేణువుల అంచుల్లోకి దిగి పగుళ్ళు తెస్తుంది. ఐదింటిలోనూ వెల్డింగ్ పనినే సూటిగా అడగవలసిన జబ్బు ఇదొక్కటే. రెండు, నాలుగు రకాలకు మూలం చాలాసార్లు నీటిలో, డిజైన్‌లో, ప్లాంటు నడిపే తీరులో ఉంటుంది.

ఇవి కాక ఒక దొంగ జబ్బు కూడా ఉంది. ఎమ్మెస్‌కు వాడిన వైర్ బ్రష్, గ్రైండింగ్ వీలు స్టెయిన్‌లెస్ స్టీలు మీద వాడితే ఇనుప పొడి అంటుకుని ఎర్రగా తుప్పు కనిపిస్తుంది. తొలిదశలో శుభ్రంగా తీసేస్తే పోతుంది. దాన్ని చూసి "నకిలీ స్టీలు వేశారు" అనకూడదు. అలాగే అతుకుకు అయస్కాంతం కొద్దిగా అంటుకుంటే కంగారు పడకూడదు. వేడి పగుళ్ళు రాకుండా వెల్డు లోహంలో కొద్ది శాతం ఫెర్రైట్ ఉండేలా చూస్తారు, అయస్కాంతానికి అంటేది అదే.

పరీక్షల వరుస

వరుస తప్పితే సాక్ష్యం పోతుంది. ఇలా చేయాలి.

ముందు గ్రైండర్ పక్కన పెట్టండి. పగులు ఎక్కడ ఉంది, అతుకుకు ఎంత దూరం, అతుకు వెంబడా అడ్డంగానా, లోపలి వైపా జాకెట్ వైపా – బొమ్మ గీసి, ఫొటో తీసి, తేదీ వేయండి. ఒకసారి గ్రైండింగ్ పడితే ఈ వివరం తిరిగి రాదు.

తర్వాత చరిత్ర అడగండి. లోపల ఏ రసాయనాలు, ఎంత వేడి? జాకెట్‌లో ఏం పంపుతున్నారు? బోరు నీరా, దానిలో క్లోరైడ్ ఎంత? ఇన్సులేషన్ ఎప్పుడైనా తడిసిందా? ఇంతకుముందు అదే చోట మరమ్మతు జరిగిందా?

మూడవది డీపీ టెస్టు. శుభ్రం చేసి, ఎర్రని ద్రవం పూసి, డబ్బా మీద రాసినంత సమయం ఆగి, తుడిచి, తెల్లని డెవలపర్ కొడితే పగులు ఎర్రగా బయటపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు క్లోరిన్ వంటి హాలోజన్లు తక్కువగా ఉన్న రకమే వాడాలి. ఉపరితలానికి తెరుచుకున్న పగులు మాత్రమే ఇందులో కనిపిస్తుంది. గ్రైండింగ్ చేసిన చోట లోహం మెత్తగా పరుచుకుని పగులు నోరు మూసుకుపోతుంది కాబట్టి ఆమ్లంతో తేలిగ్గా ఎచింగ్ చేశాక మళ్ళీ డీపీ చేయాలి. ఎమ్మెస్‌కు చేసే మాగ్నెటిక్ పార్టికల్ టెస్టు 304, 316 రకాలకు పనికిరాదు.

నాలుగవది లోతు. అల్ట్రాసోనిక్ పరీక్షతో పగులు ఎంత లోతుకు పోయిందో, అవతలి వైపు నుంచి వచ్చిందో చూస్తారు.

ఐదవది స్టీలు రకం. చేతి గన్నులా ఉండే ఎక్స్‌రే పరికరం క్రోమియం, నికెల్, మాలిబ్డినం చెప్పగలదు. కార్బన్ చెప్పలేదు. అంటే అది 304నా 304ఎల్‌నా అని ఆ గన్ను తేల్చలేదు. దానికి స్పార్క్ పద్ధతి గానీ, ల్యాబు పరీక్ష గానీ కావాలి.

చివరగా మైక్రోస్కోపు. పాత్రను కోయకుండానే ఆ చోట నునుపు చేసి, ఎచింగ్ చేసి, ప్లాస్టిక్ పొర మీద అచ్చు తీస్తారు. దీన్ని రెప్లికా అంటారు. పగులు రేణువుల అంచుల వెంబడి పోతే సెన్సిటైజేషన్ వైపు, రేణువులను చీల్చుకుంటూ కొమ్మలుగా పోతే క్లోరైడ్ వైపు వేలు చూపిస్తుంది. ముక్క దొరికితే ఎ262 అనే ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం ఆక్సాలిక్ ఆమ్లంతో ఎచింగ్ చేసి చూస్తారు. రేణువుల చుట్టూ కాలువలు తవ్వినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అప్పుడు అదే ప్రమాణంలోని మిగతా పరీక్షలతో నిర్ధారించుకుంటారు.

ఒక లెక్క చేద్దాం

ఇది ఊహించుకున్న ఉదాహరణ. 316ఎల్ రియాక్టర్. నాలుగేళ్ళు నడిచింది. జాకెట్ నుంచి వచ్చే నీటిలో సాల్వెంట్ వాసన వస్తోంది. లోపల డీపీ చేస్తే అడుగు భాగాన, జాకెట్ నాజిల్ అతుకుకు ఎదురుగా, కొమ్మల పగుళ్ళు కనిపించాయి. షీటు మందం తగ్గలేదు. బ్యాచ్‌లో క్లోరైడ్ లేదు. జబ్బు ఏది?

మందం తగ్గలేదు కాబట్టి మామూలు తుప్పు కాదు. 316ఎల్ అని ల్యాబులో తేలింది కాబట్టి వెల్డ్ డికేకు అవకాశం తక్కువ. ఒకే గీత కాకుండా కొమ్మలు ఉన్నాయి కాబట్టి అలసట కాదు. మిగిలింది క్లోరైడ్. లోపల లేదంటే జాకెట్‌లో వెతకాలి. ఆ జాకెట్‌లోకి ఒకసారి స్టీము, ఒకసారి కూలింగ్ వాటర్, ఒకసారి కాల్షియం క్లోరైడ్ బ్రైన్ పంపుతున్నారు. బ్రైన్ పూర్తిగా ఖాళీ కాకుండా అడుగున కొంత మిగిలిపోతుంది. దాని మీద స్టీము వదిలితే నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. వేడి ఉంది, క్లోరైడ్ ఉంది, అతుకు లాగుడు ఎలాగూ ఉంది. జాకెట్‌కు కిటికీ కోసి చూస్తే ఆ వైపు పగుళ్ళు ఇంకా పొడవుగా, ఎక్కువగా ఉన్నాయి. అంటే పుట్టింది అక్కడే, లోపలికి వచ్చింది చివరి కొన మాత్రమే.

ఇప్పుడు లోపలి నుంచి వెల్డింగ్ వేస్తే ఏమవుతుంది? కనబడే కొన మూసుకుంటుంది. వేళ్ళు అలాగే ఉంటాయి, పైగా కొత్త అతుకు కొత్త లాగుడు తెస్తుంది. సరైన మందు ఏమిటంటే – పగిలిన భాగాన్ని పూర్తిగా కోసి మార్చడం, బ్రైన్ బదులు క్లోరైడ్ లేని ద్రవం వాడడం, లేదా బ్రైన్ పూర్తిగా తీసి మంచి నీటితో కడిగాకే స్టీము వదలడం. అదే బ్రైన్ లైను మీదున్న మిగతా రియాక్టర్లను కూడా పరీక్షించాలి.

ఒక పగులు నేర్పిన పాఠం

కారణం తెలియకుండా ప్లాంటు నడిపితే ఏమవుతుందో చెప్పే ఘటన ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో జరిగింది. అక్కడ సైక్లోహెక్సేన్‌ను ఆక్సీకరణం చేసే ఆరు రియాక్టర్లు వరుసగా ఉండేవి. బయటి గోడ ఎమ్మెస్, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు పొర. 1974 మార్చి 27న అయిదవ రియాక్టర్ కారుతున్నట్టు గుర్తించారు. చూస్తే సుమారు ఆరడుగుల పగులు. చిన్న లీకులు వచ్చినప్పుడు ఆ రియాక్టర్ మీద కూలింగ్ వాటర్ పోసేవారు. ఆ నీటిలోని నైట్రేట్లు బయటి ఎమ్మెస్ గోడను పగలగొట్టాయని తర్వాత విచారణలో తేలింది. అంటే జబ్బు లోపలి రసాయనం నుంచి రాలేదు, బయట పోసిన నీటి నుంచి వచ్చింది.

కానీ అప్పటికి ఆ సంగతి తెలియదు. కారణం తేలకుండానే అయిదవ రియాక్టర్ తీసేసి, నాలుగు, ఆరు మధ్య తాత్కాలికంగా ఒక పైపు కలిపి ఏప్రిల్ 1న ప్లాంటు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ పైపును సరైన డిజైన్ లెక్కలు లేకుండానే అమర్చారు. 1974 జూన్ 1న ఆ తాత్కాలిక ఏర్పాటు తెగి, ఆవిరి మేఘం అంటుకుని పేలింది. 28 మంది చనిపోయారు. అది శనివారం. పనిదినమైతే ఆఫీసుల్లో ఇంకా చాలామంది ఉండేవారు. పేలుడుకు సూటి కారణం ఆ పైపే. ఆ పైపు అవసరం తెచ్చింది మాత్రం ఒక పగులు, దాన్ని చూసి చేసిన తొందర.

మరమ్మతులో మరచిపోకూడనివి

ప్రెషర్ పాత్ర మరమ్మతుకు అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్ ఆమోదం, రాసిపెట్టిన వెల్డింగ్ పద్ధతి ఉండాలి. 304ఎల్‌కు 308ఎల్, 316ఎల్‌కు 316ఎల్ ఫిల్లర్ వాడతారు. స్టెయిన్‌లెస్ స్టీలును ఎమ్మెస్‌కు అతకాలంటే 309ఎల్. రూట్ వెనుక ఆర్గాన్ పెట్టాలి. పని అయ్యాక రంగు చారలను పిక్లింగ్ పేస్టుతో తీసి బాగా కడగాలి. ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా దెబ్బతీస్తుంది. వెంటనే నీటితో కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ జెల్ దగ్గర లేకుండా పేస్టు డబ్బా మూత తీయవద్దు. హైడ్రో టెస్టు నీటిలో క్లోరైడ్ 50 పీపీఎం దాటకుండా చూసుకుని, టెస్టు అయ్యాక వెంటనే ఖాళీ చేసి ఆరబెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనిషి ప్రాణం. మ్యాన్‌హోల్ లోంచి దిగేముందు లైన్లన్నీ బ్లైండ్ వేశారా, ఆజిటేటర్ కరెంటు తీసి తాళం వేశారా, ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందా, మండే ఆవిరి ఉందా, బయట నిలబడే మనిషి ఉన్నాడా – ఇవి చూశాకే దిగాలి. నైట్రోజన్, ఆర్గాన్ రెండింటికీ వాసన లేదు. ఆర్గాన్ గాలికన్నా బరువైనది కాబట్టి పాత్ర అడుగున చేరుతుంది. వెల్డర్ వంగి పనిచేసేదీ అక్కడే. పడిపోయినవాడిని లాగడానికి పరుగెత్తి దిగినవాడు కూడా పడిపోయిన సంఘటనలు ఎన్నో. మనం పర్మనెంటు ఉద్యోగులమైనా, కాంట్రాక్టు మనుషులమైనా పర్మిట్ కాగితం, గ్యాస్ రీడింగు చూపించమని అడగడం మన హక్కు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పనిలో చేరిన మొదటి రోజునుంచి జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. పగులు కనిపించగానే బొమ్మ గీయండి. "వెల్డింగ్ బాగాలేదు" అని ఎవరైనా అంటే వాదన అక్కర్లేదు. అతుకుకు ఎంత దూరంలో, ఏ వైపు, ఎన్ని కొమ్మలతో పగిలిందో ఆ బొమ్మే చెబుతుంది. మనలో చాలామందికి పెద్ద డిగ్రీలు లేకపోవచ్చు. సాక్ష్యం చేతిలో ఉన్నవాడి మాట మాత్రం ఎంత పెద్ద ఇంజనీరైనా వినవలసిందే.

మీరే చెప్పండి

1. అతుకు మధ్యలో పొడవునా ఒకే పగులు. పాత్ర ఇంకా ప్లాంటుకు రానే లేదు. జబ్బు ఏది?

2. ఇన్సులేషన్ వర్షానికి తడిసిన 304ఎల్ ట్యాంకు, 80 డిగ్రీల వేడి. ఇన్సులేషన్ కింద అతుకు పక్కన కొమ్మల పగుళ్ళు. 316ఎల్ వేస్తే సమస్య పూర్తిగా తీరుతుందా?

3. ఎక్స్‌రే గన్నుతో చూసి "ఇది 304ఎల్" అని ఒకరు రిపోర్టు రాశారు. మీరు ఏం అడుగుతారు?

జవాబులన్నీ పైన పాఠంలోనే ఉన్నాయి. స్టడీ అవర్‌లో నలుగురు కూర్చుని చర్చించుకోండి. సందేహం మిగిలితే వచ్చే ఏడాది వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు అడగండి.